పెరట్లో కాసిన పండు తినొచ్చా? పండును చూసి చెప్పలేం

ఎవరూ నాటని మొక్క పెరట్లో మొలిచి, కొన్నాళ్లకి గుత్తులు గుత్తులుగా కాయలు కాస్తే వచ్చే మొదటి ప్రశ్న ఇవి తినొచ్చా అనే. చాలామంది అప్పుడు చేసే పని కూడా ఒకటే. రెండు పండ్లు కోసి, అరచేతిలో పెట్టుకుని, ఫొటో తీసి తెలిసినవాళ్లకి పంపుతారు. చూసినవాళ్లు చిన్నప్పుడు తాము తిన్న పండేదో గుర్తొచ్చి ఆ పేరు చెబుతారు. అసలు చిక్కు ఆ ఫొటోతోనే మొదలవుతుంది. మొక్కను గుర్తుపట్టడానికి పనికొచ్చేవన్నీ కొమ్మ మీదే ఉండిపోయాయి. చేతిలోకి వచ్చిన పండు అన్నిటికన్నా తక్కువ సమాచారం ఇచ్చే భాగం.

ఈ మొక్కలు పెరట్లోకి ఎలా వస్తాయో చూస్తే సంగతి అర్థమవుతుంది. ఇవి ఎక్కువగా మొలిచేది గోడ పక్కన, కంచె వెంబడి, తీగల కింద, పెద్ద చెట్టు మొదట్లో. అంటే పిట్టలు వాలే చోట్ల. పిట్ట పండు మింగి, గింజను రెట్టతో పాటు అక్కడ వదిలి వెళ్తుంది. పండు దూరం నుంచి పిట్ట కంట పడాలి, ముక్కులో పట్టాలి, లోపలి గింజ నలగకుండా బయటికి రావాలి. ఈ మూడు అవసరాల వల్ల ఒకదానితో ఒకటి ఏ చుట్టరికమూ లేని కుటుంబాల మొక్కలు కూడా ఒకే రకం పండుకు చేరుకున్నాయి: బఠాణీ గింజంత, గుండ్రంగా, నున్నగా, ఎర్రగానో నల్లగానో. ఆకుల అమరిక, పువ్వు, కాండం, కాయ తొడిమ మాత్రం ఏ కుటుంబం మొక్కకు ఆ కుటుంబం తీరులోనే ఉంటాయి. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న ఈ మొక్క ఏది అని. తినొచ్చా అన్నది ఆ తర్వాతి మాట.

దీనికి అందరికీ పనికొచ్చే ఉదాహరణ కామంచి. ఇది ప్రపంచంలో చాలా చోట్ల కలుపులా మొలుస్తుంది. ఐరోపా, పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల్లో సహజంగా పెరిగే బెల్లడోనా కూడా ఇదే వంగ కుటుంబానికి చెందింది. రెండింటికీ నల్లటి గుండ్రటి పండ్లే. బెల్లడోనాలో అట్రోపిన్, స్కోపొలమైన్ లాంటి ఆల్కలాయిడ్లు అనే విష పదార్థాలు ఉంటాయి. కొద్ది పండ్లు తిన్నా కంటిపాపలు విచ్చుకుంటాయి, నోరు ఎండిపోతుంది, గుండె వేగం పెరుగుతుంది, మనిషి పిచ్చి మాటలు మాట్లాడతాడు. పైగా ఆ పండు రుచి కాస్త తీపిగానే ఉంటుంది, నాలుక హెచ్చరించదు. ఈ రెండు పండ్లను విడిగా పక్కపక్కన పెడితే కొత్తవాళ్లు పొరబడవచ్చు. కొమ్మతో సహా చూస్తే ఆ అవకాశం చాలా తక్కువ. కామంచి పండ్లు సన్నటి కాడ చివర నాలుగైదు కలిసి గుత్తిగా వేలాడతాయి, ఒక్కోటి సెంటీమీటరు కన్నా చిన్నది. బెల్లడోనా పండు ఆకు మొదట్లో ఒంటరిగా కాస్తుంది, సెంటీమీటరు దాటుతుంది, బాగా మెరుస్తుంది. దాని కింద అయిదు ఆకుపచ్చ రేకులు పండుకన్నా వెడల్పుగా నక్షత్రంలా పరుచుకుని ఉంటాయి. కామంచికి ఆ రేకులు చిన్నవి. పువ్వుల దగ్గరికి వస్తే ఇంక అనుమానమే ఉండదు. కామంచివి మధ్యలో పసుపు మొనతో ఉండే చిన్న తెల్లపూలు, బెల్లడోనావి ఊదారంగు గంటలు.

అంతమాత్రాన కామంచి అని తేలగానే కోసుకుని తినేయొచ్చని కాదు. బాగా పండిన పండ్లను చాలా ప్రాంతాల్లో తింటారు. పచ్చికాయల్లో మాత్రం సొలనిన్ జాతి గ్లైకోఆల్కలాయిడ్లు అనే విష పదార్థాలు ఎక్కువ. ఒకే గుత్తిలో పండినవీ పచ్చివీ కలిసే ఉంటాయి, చిన్నపిల్లలు ఏరి తినరు. దీనికి తోడు కామంచి అని పిలిచేది నిజానికి ఒకదానికొకటి దగ్గరగా ఉండే కొన్ని జాతుల గుంపు. వాటిలో ఈ పదార్థాల మోతాదు అన్నిచోట్లా ఒక్కలా ఉండదు.

వంగ కుటుంబంలోనే ఇంకో చిక్కు ఉంది. పండు చుట్టూ కాగితం లాంటి తొడుగు ఉంటే అది బుడ్డకాశేనని చాలామంది ధీమాగా చెబుతారు. ఆ తొడుగు బుడ్డకాశ ఒక్కదాని సొత్తు కాదు. అశ్వగంధ పండుకూ అలాంటి తొడుగే ఉంటుంది, లోపల ఎర్రటి పండు. నికాండ్రా అనే మరో కలుపు మొక్కకూ ఉంటుంది, అందులో గుజ్జు లేకుండా ఎండిపోయిన గోధుమరంగు కాయ. ఇక్కడ తేడా పువ్వు చెబుతుంది. బుడ్డకాశ జాతుల్లో ఆకు మొదట్లో ఒక్కో పువ్వే పూస్తుంది, లేత పసుపు రంగు, చాలా జాతుల్లో లోపల ముదురు మచ్చలు. అశ్వగంధలో ఆకుపచ్చ కలిసిన చిన్న పూలు గుంపుగా వస్తాయి, ఆకుల మీద తెల్లటి నూగు ఉంటుంది. నికాండ్రా పువ్వు నీలిఊదా, మధ్యలో తెలుపు. తొడుగు ఎండి, లోపలి కాయ పసుపుకు తిరిగాకే బుడ్డకాశ తినడానికి పనికొస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు దాన్నీ ముట్టకూడదు.

ఇలాంటి జంటలు ఇంకా చాలా ఉన్నాయి. వేపపండు గుజ్జు చప్పరించే అలవాటున్నవాళ్లు తురకవేప పండును కూడా అదే అనుకునే ప్రమాదం ఉంది. తురకవేప పండ్లలో విషం ఉంది. ఆకును చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. వేపలో ఒకే ఈనెకు అటూ ఇటూ చిట్టి ఆకులు బారుగా ఉంటాయి. తురకవేపలో ఆ ఈనె మళ్లీ కొమ్మలుగా చీలి, వాటి మీద చిట్టి ఆకులు ఉంటాయి. వేప పువ్వు తెలుపు, తురకవేపది లేత ఊదా. ఆకులన్నీ రాలిపోయాక కూడా నెలల తరబడి కొమ్మలకు గుండ్రటి పసుపు కాయలు వేలాడుతుంటే అది తురకవేపే అయ్యే అవకాశం ఎక్కువ.

ఉత్తర అమెరికాలో అడవి ద్రాక్షకూ మూన్‌సీడ్ అనే విషపు తీగకూ ఇదే పేచీ. ద్రాక్షకు నులితీగలు ఉంటాయి, పండులో సాధారణంగా రెండు మూడు గింజలు. మూన్‌సీడ్‌కు నులితీగలు ఉండవు, పండులో ఒక్కటే గింజ, అదీ నెలవంకలా వంగి ఉంటుంది. కంచె మీద పాకే దొండతీగ పండితే నిండు ఎరుపు. లింగదొండ పండు మీద ఎరుపులో తెల్లటి చారలుంటాయి, అది తినేది కాదు.

అన్నీ ఇలా భయపెట్టేవే అనుకోనక్కర్లేదు. కొన్ని పండ్ల నిర్మాణమే ప్రత్యేకంగా ఉంటుంది. చిన్న చిన్న గుండ్రటి భాగాలు ఒక్కోదానిలో ఒక్కో గింజతో కలిసి ఒకే పండుగా ఏర్పడి, కాండానికి ముళ్లు లేదా గరుకు నూగు ఉండి, ఆకులు మూడేసి అయిదేసి కలిసి రంపపు అంచుతో ఉంటే అది బ్లాక్‌బెర్రీ, రాస్ప్‌బెర్రీల జాతి. కోసినప్పుడు లోపలి తెల్లటి బొడిపె కొమ్మకే ఉండిపోయి పండు బోలుగా వస్తే రాస్ప్‌బెర్రీ, బొడిపెతో సహా ఊడి వస్తే బ్లాక్‌బెర్రీ. మల్బరీ పండు కూడా పైకి ఇలాగే ఉంటుంది. కానీ అది ముళ్లు లేని చెట్టు, ఆకు తుంచితే పాలు వస్తాయి. కొత్తగా చూసేవాళ్లు నేర్చుకోవడం వీటితో మొదలుపెడితే మంచిది.

పచ్చిక మధ్య నేలబారుగా పాకుతూ ఎర్రగా కనబడే చిన్న స్ట్రాబెర్రీ చాలామందిని ఊరిస్తుంది. దాని పువ్వు పసుపైతే అది నిజమైన స్ట్రాబెర్రీ కాదు, ఆసియా నుంచి ప్రపంచమంతా పాకిన వేరే మొక్క. నిజమైన అడవి స్ట్రాబెర్రీ పువ్వు తెల్లగా ఉంటుంది. పసుపు పువ్వుదాన్ని తింటే హాని లేదు, రుచీ లేదు. నీళ్లు నమిలినట్టే.

ఇక జనంలో తిరిగే సూత్రాల సంగతి. వీటిలో అన్నిటికన్నా బలమైనది పిట్టలు తింటే మనమూ తినొచ్చన్నది. ఇది తప్పు. పిట్ట శరీరం వేరు. మిరపకాయ కారం మనకు తెలిసినట్టు పిట్టకు తెలియదు, దాని నరాలు ఆ కారానికి స్పందించవు. చలి దేశాల పెరళ్లలో పెంచే యూ చెట్టు ఎర్రటి గుజ్జును పిట్టలు హాయిగా తింటాయి. ఆ చెట్టులో విషం లేని భాగం ఆ గుజ్జు ఒక్కటే. గింజలోనూ ఆకులోనూ ఉన్న టాక్సైన్ అనే విష పదార్థాలు గుండెను ఆపగలవు. పిట్ట కడుపులోంచి గింజ నలగకుండా బయటికి వచ్చేస్తుంది కాబట్టి దానికి ఏమీ కాదు. నమిలే అలవాటున్న మనిషికి అవుతుంది. ఇంకా తమాషా ఏమిటంటే పిట్టలు తినేవన్నీ పిట్టలకు కూడా క్షేమం కాదు. 2009లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో సెడార్ వాక్స్‌వింగ్ అనే పిట్టలు పదుల సంఖ్యలో చచ్చిపడితే, అలంకారానికి పెంచే నందినా పొద ఎర్రటి పండ్లలోని సయనైడే కారణమని పరీక్షల్లో తేలింది. ఆకలితో కడుపు పగిలేలా తినడమే వాటి ప్రాణం మీదికి తెచ్చింది.

జంతువుల మాటా అంతే. కొన్ని కుందేళ్ల శరీరంలో అట్రోపిన్‌ను విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది, అవి బెల్లడోనా ఆకులు తిని కూడా తిరుగుతుంటాయి. మనం రోజూ తినే ద్రాక్ష కుక్కకు పెడితే దాని మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఒక ప్రాణి తిన్నదాన్ని బట్టి ఇంకో ప్రాణి గురించి ఏమీ చెప్పలేం.

రంగు సూత్రం ఇంకోటి. తెల్ల పండ్లు విషం, నీలం నలుపు మంచివి, ఎర్రవి సగం సగం అంటారు. నలుపులో బెల్లడోనా ఉంది. అమెరికా ఖండపు పోక్‌వీడ్ ఉంది, ఊదారంగు కాడలకు ద్రాక్షలా వేలాడే నల్లటి పండ్లతో. తెలుపులో తినదగిన మల్బరీ రకాలున్నాయి. రాత్రిపూట గుప్పుమని వాసన కొట్టే రాత్రి రాణి పొదకు కాసే తెల్ల పండ్లు మాత్రం నిజంగానే విషం. సూత్రం ఒక్కోసారి నిజమవుతుంది, అందుకే అంత ప్రమాదం. పదిసార్లు పనిచేసిన సూత్రాన్ని పదకొండోసారి ఎవరూ అనుమానించరు.

కొంచెం నాలుక మీద పెట్టి చూస్తే తెలుస్తుందనే వాదనకు సైనిక శిక్షణ పుస్తకాలను సాక్ష్యంగా తెస్తారు. అమెరికా సైన్యపు మనుగడ పుస్తకంలో అలాంటి పరీక్ష ఉన్నమాట నిజమే. మొక్క భాగాలను విడదీసి, ముందు 8 గంటలు ఏమీ తినకుండా ఉండి, చర్మానికి రాసి, పెదవికి తాకించి, నాలుక మీద పెట్టి, చిన్న ముక్క మింగి మళ్లీ 8 గంటలు ఆగి, మరికొంచెం తిని ఇంకో 8 గంటలు ఆగాలి. ఒక్క భాగానికే రోజంతా పడుతుంది. అది తిండి దొరక్క ప్రాణం పోయే స్థితిలో ఉన్న సైనికుడి కోసం రాసింది. వంటింట్లో అన్నం ఉన్నవాళ్లకు ఆ సాహసం ఎందుకు? పైగా గురివింద గింజలోని అబ్రిన్ లాంటి విషం లక్షణాలు బయటపడటానికి గంటలు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు పడుతుంది. కాసేపు ఏమీ కాలేదంటే దానికి అర్థం ఏమీ లేదు.

గురివింద గురించి ఇంకో మాట. గింజ పెంకు గట్టిది కాబట్టి నమలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది. నమిలినా, గింజకు రంధ్రం పడినా సంగతి మారిపోతుంది. ఎరుపు మీద నల్లచుక్కతో అంత అందంగా ఉండటం వల్లే పిల్లల చేయి దాని మీదికి పోతుంది. పెరట్లో పచ్చగన్నేరు ఉంటే దాని కాయలదీ అదే పరిస్థితి, లోపలి గింజలో గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లు అనే విష పదార్థాలు ఉంటాయి. కంచెగా పెంచే డ్యురాంటా పొదకు వేలాడే బంగారు రంగు కాయల గుత్తులు కూడా పిల్లలకూ కుక్కలకూ మంచివి కావు.

మొక్క పేరు ఖాయంగా తేలిందనుకుందాం. అప్పటికీ తినొచ్చా అన్న ప్రశ్నకు అవును, కాదు అని ఒక్క ముక్కలో జవాబు రాదు. ఏ భాగం, ఎంత పండింది, పచ్చిగానా వండా, ఎంత మోతాదు అని నాలుగు విషయాలు చూసుకోవాలి. ఎల్డర్‌బెర్రీ దీనికి మంచి ఉదాహరణ. ఉడికించి వాడుకునే పండు అది. దాని ఆకుల్లో, కాడల్లో, పచ్చికాయల్లో సయనైడ్ విడుదల చేసే పదార్థాలుంటాయి. 1983 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒక బృందం ఉడికించని ఎల్డర్‌బెర్రీలను ఆకులు, కొమ్మలతో సహా పిండి రసం తీసి తాగింది. కాసేపట్లోనే వాంతులు, తల తిరుగుడు మొదలయ్యాయి, 8 మందిని హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. అందరూ కోలుకున్నారు. వాళ్లు మొక్కను సరిగ్గానే గుర్తుపట్టారు, వాడే తీరు తెలియలేదు. పాషన్ ఫ్రూట్ జాతికి చెందిన, కాయ చుట్టూ వల లాంటి నూగు అల్లుకుని ఉండే కలుపుతీగ కూడా ఇలాంటిదే. బాగా పండిన కాయ తినేదే, పచ్చిదాంట్లో సయనైడ్ పదార్థాలుంటాయి.

ఫోన్ యాప్‌ల గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. గూగుల్ లెన్స్, ఐనాచురలిస్ట్, ప్లాంట్‌నెట్ లాంటివి ఒక మొక్క ఏ కుటుంబానిదో, ఏ ప్రజాతికి దగ్గరో చెప్పడంలో చాలాసార్లు బాగా పనికొస్తాయి. వీటిలో కొన్ని చూపించే శాతం ఫొటోల పోలికకు సంబంధించింది, భద్రతకు సంబంధించింది కాదు. 90 శాతం కామంచి అంటే మిగిలిన 10 శాతంలో ఏముందో చూడాలి. ఇంకో ఇబ్బంది, యాప్ ముందు పెట్టేది కూడా తరచుగా ఆ అరచేతి ఫొటోనే. ఆకు పైవైపు, అడుగువైపు, ఆకులు కాండానికి ఎదురెదురుగా ఉన్నాయా ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా అన్నది కనబడేలా కొమ్మ, పువ్వు, పండ్ల గుత్తి మొత్తం, తొడిమ దగ్గరి రేకులు, అడ్డంగా కోసిన పండులో గింజలు, పక్కన కొలతకు ఒక స్కేలు. ఇన్ని ఫొటోలుంటే యాప్ జవాబూ మెరుగవుతుంది, ఐనాచురలిస్ట్‌లో చూసే మనుషులకూ ఏదైనా చెప్పడానికి వీలుంటుంది. పువ్వు లేకపోతే పూసేదాకా ఆగడమే పని. ఒక ఋతువు ఆగితే పోయేదేమీ లేదు.

యాప్ ఇచ్చిన శాస్త్రీయ నామంతో వెతికేటప్పుడు ఆ మొక్క తినొచ్చా అని కాకుండా, దానిలాగే కనబడే విషపు మొక్కలేమిటి అని వెతకాలి. ఆ జాబితాలోని ఒక్కోదాన్నీ కనీసం రెండు వేర్వేరు గుర్తులతో కొట్టిపారేయగలిగితేనే గుర్తింపు పూర్తయినట్టు. ఊరి పేర్లతో వెతికితే ఫలితం ఉండదు, ఒకే పేరుతో నాలుగు మొక్కలు తిరుగుతుంటాయి. దగ్గర్లో కళాశాల వృక్షశాస్త్ర విభాగమో, ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియమో ఉంటే కొమ్మను కాగితాల మధ్య పెట్టి తీసుకెళ్లడం ఇంకా మంచిది. ఆరిన కొమ్మలో కూడా వాళ్లకు కావలసిన గుర్తులు చాలావరకు మిగులుతాయి.

మొక్క మంచిదే అయినా అది పెరిగిన చోటు మంచిది కాకపోవచ్చు. కలుపుమందు కొట్టిన కంచె పక్కన, పాత రంగు పెచ్చులు రాలిన గోడ మొదట్లో, వాహనాలు తిరిగే దారి అంచున కాసిన పండ్లు వదిలేయడమే నయం. పాత పెయింట్లలోని సీసం మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. కడిగితే దుమ్ము, రెట్టలు పోతాయి గానీ వేరు పీల్చుకున్నది పోదు.

పిల్లలెవరైనా అప్పటికే తినేసి ఉంటే గుర్తింపు సంగతి తర్వాత. నోట్లో మిగిలింది తీసేసి, నోరు కడిగించి, వెంటనే విష సమాచార కేంద్రానికో ఆసుపత్రికో ఫోన్ చేయాలి. వేలు పెట్టి వాంతి చేయించడం, ఉప్పునీళ్లు తాగించడం చేయకూడదు. ఉప్పు ఎక్కువై అదే ప్రాణం మీదికి రావచ్చు. మత్తుగా ఉన్నా, ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా అంబులెన్స్‌ను పిలవాలి. ఎన్ని తిన్నారు, ఎప్పుడు తిన్నారు, నమిలారా మింగారా అన్నవి డాక్టరు అడుగుతారు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పండు ఒక్కటే కాకుండా ఆకులు, వీలైతే పువ్వులు ఉన్న కొమ్మ విరిచి సంచిలో వేసుకోవాలి. పిల్లల బరువు తక్కువ కాబట్టి పెద్దవాళ్లకు కడుపునొప్పితో పోయేది వాళ్లకు పెద్ద ముప్పు కావచ్చు. గురివింద లాంటివైతే పిల్లవాడు ఆడుకుంటూనే ఉన్నా చూపించాల్సిందే.

పేరు తేలని మొక్కను ఏం చేయాలన్నది ఇంట్లో ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. పెద్దవాళ్లే ఉంటే పిట్టల కోసం వదిలేయొచ్చు, అందులో తప్పేమీ లేదు. పాకే పిల్లలో, ఏది పడితే అది కొరికే కుక్కో ఉంటే పీకేయడం మంచిది. చేతులకు గ్లవ్స్ వేసుకుని, వేరుతో సహా, పూత దశలోనే పీకాలి. కాయలు పండాక పీకితే రాలిన గింజలు మళ్లీ మొలుస్తాయి. పీకిన మొక్కలను కాల్చకూడదు, కొన్నిటి పొగ కూడా హాని చేస్తుంది. పండ్లున్న కొమ్మలను కంపోస్టులో వేయకుండా మూటగట్టి చెత్తలో పడేయాలి. వచ్చే ఏడాది అదే కంచె కింద ఇంకో రెండు మూడు రకాలు మొలవడం మామూలే, పిట్టలు అక్కడ వాలడం మానవు కదా.